ల్యాబ్‌లో ఆగని కంప్యూటర్ల సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

గత శుక్రవారం సాయంత్రం స్కూలు ల్యాబ్‌లో కొన్ని కంప్యూటర్లు ఆగక మన బస్సులు ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరాయి. పిల్లలు కంప్యూటర్లకు వైరస్ ఎక్కించారనీ, ల్యాబ్ మొత్తం పోయిందనీ, ఇంటింటికీ డబ్బు వసూలు చేస్తామనీ వాట్సాప్ గ్రూపుల్లో అనుకుంటున్నట్టు తెలిసింది. ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు. ఎవరూ ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు.

జరిగింది ఇది. చివరి పీరియడ్ అయ్యాక షట్‌డౌన్ కొడితే నాలుగు కంప్యూటర్లు ఆగలేదు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి, కింద 'షటింగ్ డౌన్' అన్న మాట అలాగే ఉండిపోయింది. బయట బస్సు హారన్ కొడుతోంది. ఆరో తరగతి బాబు ఒకడు కంగారుపడి వాటిలో ఒకదానికి గోడకున్న స్విచ్ ఆపేశాడు. సోమవారం ఆ కంప్యూటర్ తెరుచుకుంది కానీ, అందులోని ఏడో తరగతివాళ్ల సైన్స్ ప్రాజెక్టు ఫైలు ఇక తెరుచుకోలేదు. బాబును ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకు ఆపావు నాన్నా అంటే, "మా ఇంట్లో ఇలాగే ఆపుతారు మేడమ్" అన్నాడు.

దయచేసి ఈ మాట మనసులో పెట్టుకోండి. పిల్లలు మనం చెప్పింది కాదు, చేసింది నేర్చుకుంటారు. కంప్యూటర్ ఆగుతున్నప్పుడు ఏదో ఫైలును ఇంకా లోపలి డిస్కు మీద రాస్తూ ఉండవచ్చు, మధ్యలో కరెంటు తీసేస్తే ఆ ఫైలు పాడవచ్చు. తెర మీద అప్‌డేట్ జరుగుతోందని ఉంటే అరగంటైనా ఆగాలి. అలాంటిదేమీ లేకుండా, డిస్కు లైటు కూడా వెలగకుండా చాలాసేపు బిగుసుకుపోతేనే పవర్ బటన్‌ను పది సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. అదీ ఆఖరి మార్గమే, రోజూ చేసే పని కాదు.

ఇక నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె ల్యాబ్‌కి వెళ్లినప్పుడల్లా చిన్న నోటుబుక్‌లో రాసుకుంటుంది: ఏ నంబరు కంప్యూటర్, ఏమేం తగిలించి ఉన్నాయి, ఆగడానికి ఎంతసేపు పట్టింది. సోమవారం ఆ పుస్తకం పట్టుకుని నా గదికి వచ్చి, "మేడమ్, రీస్టార్ట్ కొడితే నాలుగూ బాగానే ఆగి లేస్తున్నాయి, షట్‌డౌన్ కొడితేనే ఆగడం లేదు" అంది. అసలు చిక్కు అక్కడే దొరికింది. ఈ కంప్యూటర్లను నడిపే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు కంప్యూటర్ పూర్తిగా ఆగదు, మర్నాడు త్వరగా లేవడానికి లోపలి స్థితిని కొంత డిస్కులో దాచుకుంటుంది. రీస్టార్ట్‌లో ఆ పని ఉండదు. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొడితే కూడా ఆ దాచుకునే పని లేకుండా పూర్తిగా ఆగుతుంది కాబట్టి అలా కొట్టి చూశాం. మూడు కంప్యూటర్లు వెంటనే ఆగాయి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి వాటిలో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేశాం.

నాలుగోది అప్పటికీ మొండికేసింది. పదో తరగతి అబ్బాయి దాని వెనక వైర్లు ఒక్కొక్కటే తీస్తూ, తీసిన ప్రతిసారీ ఆపి చూశాడు. ప్రింటర్ వైరు తీయగానే ఆగింది. ప్రింటర్‌ను నడిపే పాత సాఫ్ట్‌వేర్ (దాన్ని డ్రైవర్ అంటారు) తీసేసి కొత్తది వేశాం, ఇప్పుడు ప్రింటర్ ఉన్నా చక్కగా ఆగుతోంది. అన్నీ ఒకేసారి పీకేసి ఉంటే దోషం ఎక్కడుందో తెలిసేదే కాదు.

నేను ఇన్నేళ్లుగా చూసింది రాసుకోండి, చూసింది రాసుకోండి అని అసెంబ్లీలో చెబుతున్నది ఇందుకే. ఊహించడం అందరికీ వస్తుంది. నిన్న ఏం జరిగింది, ఈరోజు ఏం మార్చాను, మార్చాక ఏమైంది అని తేదీ వేసి రాసుకునే పిల్లలకు కంప్యూటరే కాదు, లెక్కలైనా మొక్కలైనా లొంగుతాయి. ఆ అలవాటుకు ఖరీదైన ట్యాబ్ అక్కర్లేదు, పది రూపాయల పుస్తకం చాలు. ఇంట్లో మోటారు ఆగినా, మిక్సీ తిరగకపోయినా పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని చూడనివ్వండి, రాయనివ్వండి. "నీకెందుకు, పోయి చదువుకో" అనకండి, అదీ చదువే.



ఏడో తరగతివాళ్లు తమ ప్రాజెక్టును కాగితం మీది నోట్స్ చూసి మళ్లీ టైపు చేస్తున్నారు, సగం అయింది. శనివారం తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు ల్యాబ్‌లోకి కూడా రండి. ఆ అమ్మాయి నోటుబుక్ మొదటి బల్ల మీద ఉంచుతాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు