రథసప్తమి మర్నాడు ఆ ఓపికంతా ఎటు పోతోంది?

సంపాదకులు గారికి నమస్కారం.

రథసప్తమి వచ్చిందంటే మీ జిల్లా పేజీ నిండా అరసవల్లి సూర్యదేవుడి గుడే. అర్ధరాత్రి మొదలయ్యే క్షీరాభిషేకం, క్యూలైన్లు, మజ్జిగ పంచే కుర్రాళ్లు, పులిహోర పొట్లాలు. వేయొద్దని అనను, చూస్తే నాకూ బాగానే ఉంటుంది. కానీ నిద్ర మానుకుని చలిలో నిలబడి ముక్కూమొహం తెలియని వాళ్లకి అంత ఓపిగ్గా నీళ్లందించిన వాళ్లే, ఆ తర్వాత ఏడాది పొడుగునా "సేవ చేయాలనే ఉంది అన్నయ్యా, ఆ శక్తి దేవుడే ఇవ్వాలి" అంటుంటే నాకు అర్థం కాదు. మొన్న ఇచ్చాడుగా!

మాది సోంపేట మండలం. మా ప్రాంతాన్ని ఉద్దానం అంటారు, ఆ పేరు అనగానే మీ పాఠకులకి కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా ఇదే కథ. ఆ వార్త రాసి రాసి మీకూ, చదివి చదివి మాకూ విసుగొచ్చింది కాబట్టి జబ్బు గురించి రాయను. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, దాంతోపాటే కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, ఉచితంగా డయాలసిస్ ఉంది, పింఛనూ ఉంది. లేనిదల్లా పక్కన నడిచే మనిషి.

డయాలసిస్ అంటే కిడ్నీలు చేయలేని పనిని మెషీన్ చేసి రక్తం శుభ్రం చేయడం, వారానికి రెండు మూడు సార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీద. రాకపోకలు కలిపితే రోజు పోయినట్టే. కొడుకులు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనుల్లో ఉంటారు, సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లయితే గుజరాత్ బోట్ల మీద ఉంటారు. కోడలు జీడిపిక్కల పనికి వెళ్తుంది, తోడు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, వారంలో మూడు రోజుల కూలి పోతే ఇల్లు ఎలా నడుస్తుంది? అందుకని చాలామంది ఒంటరిగానే బస్సెక్కుతారు. వెళ్లేటప్పుడు ఫర్వాలేదు గానీ, తిరిగొచ్చేటప్పుడు బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, అప్పుడు కమ్మీ పట్టుకుని నిలబడి రావాలంటే ఆలోచించండి.

మా వీధిలో ఒక పెద్దావిడని ఇలాగే నేనూ మా పక్కింటాయనా వంతులు వేసుకుని తీసుకెళ్తున్నాం. గొప్ప కోసం రాయడం లేదు. ఓపిక సంగతి చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. నాకు ముందు ఓపికొచ్చి తర్వాత పని మొదలవ్వలేదండీ. చాలా రోజులు బుద్ధి పుట్టదు, ఎండ, నడుం నొప్పి, ఇంట్లో సణుగుడు. కానీ అక్కడ ఆవిడ తయారై అరుగు మీద కూర్చుని ఉంటుందని తెలిశాక కాళ్లు వాటంతటవే కదులుతాయి. దిగబెట్టి వస్తుంటే "ఏటి బావూ, సోమవారం నువ్వేనా, ఆయనా?" అని అడుగుతుంది, అంతే, థాంక్స్ కూడా చెప్పదు, అదే నాకు బాగుంటుంది. వంతు లేకపోతే మేమిద్దరమూ ఎప్పుడో మానేసేవాళ్లం, ఇది మాత్రం ఖాయంగా చెప్పగలను. ఒంటరిగా మొదలెట్టినవాడి ఉత్సాహం రెండో నెలకే అడుగంటడం మా ఊళ్లోనే చూశాను.

ఇంకొక మాట. సేవంటే తిండి పెట్టడమే అని మనకి బాగా అలవాటైపోయింది. ఒక కుర్రాడు ఎంతో ప్రేమగా ఆసుపత్రికి కొబ్బరిబోండాలు పట్టుకొచ్చాడు. ఉద్దానం బోండాం కదా, అంతకంటే మంచిదేముంటుంది అనుకున్నాడు పాపం. డయాలసిస్ వాళ్లకి పొటాషియం ఎక్కువైతే గుండెకే ప్రమాదం, కొబ్బరినీళ్లలోనూ అరటిపండులోనూ అదే ఎక్కువ, మంచినీళ్లు కూడా వాళ్లు కొలిచి తాగాలి. నర్సమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. అలాగే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చెయ్యి (ఫిస్టులా చెయ్యి అంటారు) పట్టుకుని లాగకూడదు, ఆ చేత్తో సంచీ మోయించకూడదు. మనకి ఇవ్వాలనిపించింది ఇవ్వడం కాకుండా, వాళ్లకి ఏం కావాలో అడగడం కూడా భక్తిలో భాగమేనని నా ఉద్దేశం. అరసవల్లి స్వామిని మనం అడిగేదే ఆరోగ్యం, ఆరోగ్యం భాస్కరుడిని అడగమనే పెద్దలు చెప్పారు. జబ్బు మనిషిని నాలుగు గంటలు కాచుకుని కూర్చోవడం ఆయన సేవ కాదంటే నేనొప్పుకోను. ప్రభువు పేరు చెప్పుకుని చేసినా, అల్లా పేరు చెప్పుకుని చేసినా అంతే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొట్టినప్పుడు కొబ్బరీ జీడీ తోటలు నేలమట్టమై, తన తోట పోయినవాడే పక్కవాడి వాకిట్లో చెట్టు నరికి దారి చేశాడు. అప్పుడెవరూ శక్తి కోసం ఎదురుచూడలేదు. కాబట్టి మనుషులు లేరని నేననను. కష్టం కళ్లముందు ఉంటే పరిగెడతారు, గదిలో మంచం మీద ఉంటే కనిపించదు, అంతే తేడా.

అందుకే మీకు ఈ ఉత్తరం. అన్నదానం ఫొటో వేసే చోటే వారానికొకసారి చిన్న బాక్సు కట్టి, ఏ మండలంలో ఎన్ని తోడు వంతులు ఖాళీగా ఉన్నాయో, ఏ గ్రూపు రక్తం కావాలో వేయండి. రోగుల పేర్లు వద్దు, ఊరు చాలు. వివరాలు గుడి కమిటీలు, చర్చిల వాళ్లు, మసీదు పెద్దలు పంపిస్తారు, ముందు మీ విలేకరులు అడిగి చూడాలి. మా గుడి కమిటీని నేను అడిగాను, పండగ లెక్కలు తేలాక చెప్తామన్నారు. వచ్చే వారం మళ్లీ అడుగుతాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా