పాత బోల్టు పట్టుకొని రండి

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల వాళ్లకు, ట్రాక్టర్ మెకానిక్‌లకు, మా దగ్గర నట్టు బోల్టులు తీసుకునే అందరికీ నమస్కారం.

ఇకనుంచి మా కౌంటర్‌లో "పది ఎంఎం బోల్టు ఇయ్యన్నా" అంటే వెంటనే తీసి ఇవ్వం. పాత బోల్టో, దాని నట్టో చూపించమంటాం. మిల్లు ఆగిపోయి పరుగెత్తుకొచ్చిన వాళ్లకు విసుగొస్తుందని తెలుసు. కానీ మాకు వాపసు వచ్చేవాటిలో నాసిరకం సరుకు కన్నా థ్రెడ్డు, అంటే మర చుట్లు, కలవనివే ఎక్కువ.

పది ఎంఎం అంటే మందం ఒక్కటే. ఆ మందంలో మామూలుగా దొరికేది 1.5 పిచ్, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు. బండ్లలో సన్న థ్రెడ్డు 1.25 వస్తుంది, అక్కడక్కడా 1.0 కూడా. ఇవి చాలవన్నట్టు పాత మిషన్లలో ఇంచు బోల్టులు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడు సూత్‌ల బోల్టు మందం తొమ్మిదిన్నర ఎంఎం, అంగుళానికి 16 చుట్లు, లెక్కేస్తే పిచ్ 1.59. దానికి పది ఎంఎం నట్టు పెడితే మొదట చేత్తోనే తిరుగుతుంది, సరిపోయిందనిపిస్తుంది. లోపల మాత్రం థ్రెడ్డు సరిగ్గా పట్టదు. ఊగే జల్లెడ మీద అలాంటి నట్టు ఎంతసేపు నిలుస్తుందో మిల్లు వాళ్లకు నేను చెప్పాలా?

అందుకే థ్రెడ్ గేజ్ కౌంటర్ మీదే పెట్టాం. మడతకత్తిలా ఉంటుంది, విప్పితే పళ్లున్న సన్నటి రేకులు, ఒక్కోదాని మీద పిచ్ నంబరు. బోల్టును కిరోసిన్‌తో కడిగి, వైరు బ్రష్‌తో రుద్ది, రేకును థ్రెడ్డులో కూర్చోబెట్టి లైటుకు ఎదురుగా పట్టాలి. సందులోంచి వెలుతురు రాకపోతే అదే సైజు. రెండు మూడు పళ్లు కూర్చుంటే నమ్మకూడదు, రేకు మొత్తం కూర్చోవాలి. 1.5 రేకు మూడు సూత్‌ల బోల్టు మీద కూడా కొంచెం దూరం కూర్చున్నట్టే మోసం చేస్తుంది. ఒకవైపు బాగా కూర్చుని ఇంకోవైపు కూర్చోకపోతే బోల్టు సాగిందేమో చూస్తాం. గేజ్ మందం చెప్పదు కాబట్టి వెర్నియర్ కూడా పెడతాం. ఈ చూడటానికి డబ్బులేమీ తీసుకోం.

దేవరకొండ, హాలియా నుంచి ఫోన్ చేసేవాళ్లు ఫొటో పంపితే సైజు తేలదు. పది చుట్ల పొడవు స్కేలుతో కొలిచి చెప్పండి. 15 ఎంఎం వస్తే 1.5, పన్నెండున్నర వస్తే 1.25. పైపు ఫిట్టింగులకు మాత్రం బయటి కొలత చెప్పొద్దు. పేరుకు అర అంగుళం పైపే అయినా, దాని థ్రెడ్డు బయట కొలిస్తే 21 ఎంఎం దాకా ఉంటుంది.

వాపసు సంగతి. మేం గేజ్ పెట్టి ఇచ్చింది ఎక్కకపోతే మార్చిస్తాం, వాదన లేదు. నోటితో చెప్పిన సైజు మీద తీసుకెళ్లి, స్పానర్‌తో బలవంతంగా తిప్పి థ్రెడ్డు పాడైతే మార్చం.

సన్న థ్రెడ్డు సరుకు రేటు ఎక్కువే ఉంటుంది, మాకూ తక్కువకు రావడం లేదు. బెంచి గ్రైండర్ ఎడమవైపు నట్టులాంటి ఉల్టా థ్రెడ్డువి, అంటే ఎడమకు తిప్పితే బిగిసేవి, స్టాకులో పెట్టం. సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించాలి, దానికి అడ్వాన్స్ ఇవ్వాలి.