ఆ మాట మన పిల్లల వయసుకు చెప్పిందేనా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, బస్సుల వేళలు లోపలి పేజీల్లో ఉన్నాయి. ఈ పేజీని మాత్రం ఒక్క విషయానికే ఉంచాను. పిల్లల ఆటలు, ఒంటి దారుఢ్యం, ఆరోగ్యం గురించి రోజూ మన ఫోన్లలోకి వచ్చిపడే సమాచారంలో దేన్ని నమ్మాలి, దేన్ని పక్కన పెట్టాలి అన్నది. ఈ మధ్య నా గదికి వస్తున్న తల్లిదండ్రుల్లో చాలామంది మార్కుల కన్నా ముందు అడుగుతున్నది ఇదే. "మేడమ్, మావాడు ఎత్తు పెరగడం లేదు, ఈ పౌడర్ వాడొచ్చా?" "పాప బరువు తక్కువని ఫోన్లో చూపించింది, ఏం చేయమంటారు?" "రోజుకు పదివేల అడుగులు నడిపించాలంటున్నారు, ఎలా?"

బరువు సంగతే తీసుకుందాం. ఒక పన్నెండేళ్ళ పాప, ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు. వాళ్ళ నాన్నగారు ఫోన్లో ఈ రెండూ కొడితే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, 16.9 అని వచ్చి, కింద ఎర్ర అక్షరాలతో 'అండర్‌వెయిట్' అని పడింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. బరువు పెంచే పౌడరు ఒక డబ్బా వచ్చింది. ఉన్న కాస్త ఒళ్ళూ కరిగిపోతుందని సాయంత్రం ఖోఖో మాన్పించారు. పాప మాత్రం తనకేదో జబ్బుందని లోలోపల భయపడుతూ కూర్చుంది.

ఫోను చేసిన లెక్క సరిగ్గానే ఉంది. 38 కిలోలను మీటర్లలో ఎత్తు 1.5తో రెండుసార్లు భాగిస్తే వచ్చేది అంతే. కానీ 18.5 కన్నా తక్కువైతే బరువు తక్కువ అనే హద్దు పెద్దవాళ్ళ కోసం పెట్టింది. పిల్లలకు ఏ వయసుకు ఆ వయసు హద్దు ఉంటుంది. ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన చార్టుల్లో పన్నెండేళ్ళ ఆడపిల్లకు మధ్యస్థ బీఎంఐ 18 దగ్గర ఉంటుంది, 14.4 కన్నా కిందికి దిగితేనే సన్నబడినట్టు. అంటే ఈ పాప బరువు మామూలే. మన పిల్లల డాక్టర్లు ఎక్కువగా వాడేవి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 5 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ కోసం 2015లో తయారు చేసిన చార్టులు. వాళ్ళు ఒక్కరోజు అంకె చూసి ఏమీ తేల్చరు. ఏడాది, రెండేళ్ళుగా ఆ పిల్ల ఎదుగుదల గీత ఎటు పోతోందో చూస్తారు.

అందుకే మీకు నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆరోగ్యం గురించి ఏ మాట కనబడ్డా, అది నిజమా అబద్ధమా అనే ముందు, ఏ వయసు వాళ్ళ కోసం చెప్పారో చూడండి. మనల్ని తప్పుదారి పట్టించే సమాచారంలో పచ్చి అబద్ధాలు కొన్నే. మిగతాదంతా పెద్దవాళ్ళకో, వస్తాదులకో, రోగులకో చెప్పిన మాట. దాన్ని తెచ్చి ఎదిగే పిల్లకు అతికిస్తున్నాం.

పదివేల అడుగుల మాట అలా పుట్టిందే. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో, 1965లో జపాన్‌లోని ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే చిన్న పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పేరుకు జపాన్ భాషలో 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం. వస్తువు అమ్మడానికి పెట్టిన గుండ్రటి అంకె అలా ప్రపంచమంతా పాకింది. నడక మంచిదే, ఎంత నడిస్తే అంత మంచిదే. కానీ అది పిల్లల కోసం పరిశోధించి తేల్చిన లెక్క కాదు.

పిల్లల కోసం తేల్చిన లెక్క వేరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు గుండె వేగం పెరిగేలా కదలాలి. వారంలో కనీసం మూడు రోజులు బాగా రొప్పొచ్చే ఆటలు, కండరాలకూ ఎముకలకూ బలమిచ్చే పనులు ఉండాలి. పెద్దవాళ్ళకైతే వారానికి 150 నుంచి 300 నిమిషాలు. చూడండి, పిల్లలకు కావలసింది మనకన్నా ఎక్కువ. ఆ గంట ఒకేసారి కావాలని లేదు. బడికి చకచకా నడిచి రావడం, గేమ్స్ పీరియడు, సాయంత్రం వీధిలో కబడ్డీ, తాడాట, మేడ మీద తొక్కుడుబిళ్ళ, అన్నీ కలుస్తాయి. మాట్లాడగలుగుతూ, పాట పాడలేకపోతుంటే ఒళ్ళు సరిపడా కదిలినట్టే. దీనికి చేతి గడియారం కొననక్కర్లేదు.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఇక్కడే ఒక మాట. జనవరి నుంచి గేమ్స్ పీరియడు తీసేసి స్టడీ అవర్ పెట్టమని ప్రతి ఏడాదీ అడుగుతారు. నేను ఒప్పుకోను. ఈ ఏడాదీ ఒప్పుకోను. పొద్దుట్నుంచి బెంచీ మీద కూర్చున్న పిల్లకు మధ్యలో కదలిక లేకపోతే చదువు మీద ధ్యాసే నిలవదు. మీకు కోపం వచ్చినా సరే, ఆ పీరియడు అలాగే ఉంటుంది.

ఇక ప్రోటీన్ డబ్బాలు. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు తనంతట తానే ఒక డబ్బా తెచ్చి మా పీఈటీ సార్‌కు చూపించాడు. ఇంటి దగ్గరి జిమ్‌లో ఎవరో అన్న ఇచ్చాడట, కండలొస్తాయని. సార్ దాన్ని స్టాఫ్‌రూమ్‌కు తెచ్చారు. ముగ్గురం కూర్చుని లేబుల్ చదివాం. ముందువైపు కండల బొమ్మ, పెద్ద అంకెలు. వెనకవైపు భూతద్దం పెడితే గానీ కనబడని అక్షరాల్లో 'హెల్త్ సప్లిమెంట్', 'మందుగా వాడటానికి కాదు', 'చెప్పిన మోతాదు మించరాదు', 'పిల్లలకు అందకుండా ఉంచాలి' అని ఉంది. ఆ చివరి మాట చదివి కుర్రాడే మా వైపు చూశాడు. ఈ మాటలు ఆ కంపెనీ మంచితనంతో వేసినవి కావు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం వేసి తీరాల్సినవి.

ఆ తర్వాత సార్ బోర్డు మీద లెక్క వేశారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ళ మగపిల్లాడికి రోజుకు సుమారు 45 గ్రాముల ప్రోటీన్ చాలు. గుడ్డులో ఆరేడు గ్రాములు. గుప్పెడు పల్లీల్లో, అంటే 30 గ్రాముల్లో, ఏడు. ముప్పావు కప్పు పాలు, ఒక గిన్నె పెరుగు కలిపి ఎనిమిది, తొమ్మిది. రెండు పూటలా ముద్దపప్పు తింటే ఇంకో పది. రోజంతా తినే అన్నం, ఇడ్లీ, చపాతీల్లోనూ ప్రోటీన్ ఉంటుంది, అది మనం లెక్కలోకే తీసుకోం. అన్నీ కలిపితే 45 దాటిపోయింది. మాంసం వండిన రోజు సంగతి చెప్పక్కర్లేదు. అదే సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన భారతీయుల ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రోటీన్ పౌడర్లు వాడవద్దని పెద్దవాళ్ళకే చెప్పింది. అలాంటప్పుడు పిల్లలకెందుకు?

కుర్రాడికి వ్యాయామం వద్దని మాత్రం చెప్పలేదు. బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుందని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. నేర్పేవాళ్ళు దగ్గరుండి, వయసుకు తగ్గ బరువుతో, సరైన పద్ధతిలో చేయిస్తే ఎదుగుదలకు హాని లేదని పిల్లల వైద్యుల సంఘాలు చెబుతున్నాయి. దండాలు, బస్కీలు, తాడు పట్టుకుని ఎక్కడం ఇప్పుడు పీఈటీ సారే చేయిస్తున్నారు.

ఎత్తు పెంచుతామనే ప్రకటనల విషయంలో మీకు చట్టమే తోడుంది. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 1954 నుంచి ఉంది. మనిషి ఎత్తు మార్చే మందని గానీ, ఊబకాయం, మధుమేహం నయం చేసే మందని గానీ ప్రకటన ఇవ్వడమే దాని ప్రకారం నేరం. కాబట్టి 'మూడు నెలల్లో మూడంగుళాలు' అని కనబడితే మిగతాది చదవక్కర్లేదు. అలాగే 'హెల్త్ డ్రింక్'. మన ఆహార భద్రతా చట్టంలో ఆ పేరుతో ఒక రకమే లేదని 2024 ఏప్రిల్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది. ఆన్‌లైన్ అమ్మకందార్లు ఆ శీర్షిక కింద పానీయాలు అమ్మొద్దని కేంద్రం కూడా చెప్పింది. డబ్బా వెనక పదార్థాల పట్టిక చూడండి. ఏది ఎక్కువ కలిపారో అదే ముందు రాయాలన్నది నియమం. మొదటి రెండు మూడు పేర్లలో చక్కెర ఉంటే ఆ డబ్బా ఏమిటో తెలిసిపోయినట్టే.

పాత మాటల్నీ ఇలాగే పరీక్షకు పెట్టాలి. అమ్మమ్మలు రాగిజావ ఎముకలకు బలం అంటారు. పట్టికల్లో చూస్తే వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, బియ్యంలో అందులో వీసమెత్తు లేదు. ఆ మాట నిలబడింది. నెలసరి రోజుల్లో ఆడపిల్లలు పరుగెత్తకూడదన్న మాట నిలబడదు. నొప్పి లేకుండా, ఓపిక ఉంటే మిగతా రోజుల్లాగే ఆడుకోవచ్చు. లేనినాడు కూర్చోవచ్చు, మా టీచర్లు కారణం అడగరు. దయచేసి ఆ అయిదు రోజులూ ఆటలకు పంపవద్దని చీటీలు రాయకండి.

ఆడపిల్లల గురించే ఇంకోటి. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం అంటే బద్ధకం అనుకోకండి, రీల్స్ చూసి డిటాక్స్ నీళ్ళు తాగించకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పదేళ్ళు దాటిన పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర, ఫిబ్రవరిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఎందుకని అడుగుతుంటారు. ఇందుకే. ఆడుతుండగా కళ్ళు తిరిగి పడిపోయినా, గుండెలో నొప్పి అన్నా ఫోన్లో వెతకడం కాదు, అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

'డాక్టర్' అని పేరు పెట్టుకుని వీడియోలు చేసేవాళ్ళ సంగతి కూడా చాలామంది అడిగారు. ఎంబీబీఎస్ చదివిన ప్రతి డాక్టర్‌కూ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్లోని రిజిస్టర్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లూయెన్సర్లు తమ అర్హతలు బయటపెట్టాలని 2023 ఆగస్టులో ప్రకటనల మండలి ఏఎస్‌సీఐ కూడా నియమం పెట్టింది. అర్హత ఉన్నవాళ్ళయినా వీడియో చివర ఏదైనా అమ్ముతుంటే అక్కడ ఒక నిమిషం ఆగండి. ఎముకల డాక్టర్ చర్మం గురించి, జిమ్ ట్రైనర్ థైరాయిడ్ గురించి చెబుతుంటే కూడా ఆగండి. 'కొత్త పరిశోధనలో తేలింది' అన్నప్పుడు ఎంతమంది మీద చేశారో, ఏ వయసువాళ్ళో చెప్పకపోతే ఆ మాటకు బరువు లేదు. ఒక్క పరిశోధన ఏదీ తేల్చదు. పది చోట్ల పది మంది చేసినవి కలిపి చూసినప్పుడే ఒక మాట గట్టిపడుతుంది.

పిల్లలు ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌లను అడుగుతున్నారు. అవి తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే చెబుతాయి, లేని పరిశోధనలకు పేర్లు కూడా పెట్టేస్తాయి. అడగొద్దని నేను చెప్పను. అడిగినప్పుడు వయసు చెప్పి అడగమనండి, వచ్చిన జవాబును ఒకచోట సరిచూసుకోమనండి.

ఎక్కడ సరిచూడాలంటే, తిండి గురించైతే జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై మన హైదరాబాద్‌కు వచ్చి స్థిరపడిన సంస్థ అది, దాని మార్గదర్శకాలు ఉచితంగా దొరుకుతాయి. వ్యాయామం గురించైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్ర ప్రభుత్వ కార్యక్రమమైన ఫిట్ ఇండియా. ఫిట్ ఇండియా వాళ్ళు 5–18 ఏళ్ళకు, 18–65 ఏళ్ళకు, 65 దాటినవాళ్ళకు విడివిడిగా సూచనలు ఇచ్చారు, ఇంట్లో తాతయ్యకు కూడా పనికొస్తాయి. అన్నిటికన్నా ముందు మీ పిల్లల డాక్టర్, లేదా మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడి నర్సమ్మకు మీ వీధి పిల్లల సంగతి ఏ యాప్‌కన్నా బాగా తెలుసు.

బడి తరఫున మేమేం చేస్తున్నామో కూడా చెప్పాలి. ఏ కంపెనీ పానీయాన్నీ, పౌడర్‌నీ మా బడి ఆవరణలో ప్రచారం చేయనివ్వం, ఉచిత నమూనాలు పంచుతామన్నా రానివ్వం. ఏ టీచరూ ఏ బ్రాండూ సిఫారసు చేయరు. అలా ఎవరైనా చేస్తే నాకు చెప్పండి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న సరుకులు గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నిబంధన ఉంది కాబట్టి చిప్స్ బండి వాళ్ళతో మాట్లాడాం, ఒకరు పల్లీలు, జామకాయలకు మారారు కూడా. దయచేసి ఆయన దగ్గర కొనండి. తరగతి ముందు ఏ పిల్ల బరువూ పైకి చదవం. ఎత్తు, బరువు కొలిచిన చీటీ కవర్లో పెట్టి మీకే పంపుతాం, వయసు చార్టులో ఎక్కడుందో గుర్తుపెట్టి మరీ.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు పీఈటీ సార్, ఒక పిల్లల డాక్టర్‌గారు మధ్యాహ్నం వరకు లైబ్రరీలో ఉంటారు. మీకు అనుమానం ఉన్న ఫార్వర్డ్ మెసేజ్ గానీ, పౌడర్ డబ్బా గానీ తీసుకురండి. డబ్బా మోసుకు రావడం కష్టమైతే ఫోటో చాలు. బొమ్మ ఉన్న వైపు కాదు, వెనకవైపు తీయండి, చిన్న అక్షరాలు కనబడేలా.

మీ
ప్రధానోపాధ్యాయురాలు