మా బాత్రూం సీలింగు నా పరువు తీసిందిరా

ఒరేయ్ మేస్త్రీ,

తిట్టుకో. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇంకా ఆలస్యమయ్యేదే గానీ, ఇప్పుడే సీలింగుకి ఒక కోటు రంగు వేసి నిచ్చెన దిగాను. రెండో కోటుకి నాలుగు గంటలు ఆగమని డబ్బా మీద ఉంది, ఆ నాలుగు గంటలూ నీవే. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, చిన్నాడి పరీక్షలు అయిపోయాయి, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఏడుస్తోంది. అంతే. ఇక అసలు సంగతి.

పోయినసారి నువ్వొచ్చినప్పుడు స్నానం చేస్తుంటే నెత్తిన రంగు పెచ్చు రాలిందని, తువ్వాలుతోనే బయటికొచ్చి "పుష్పవృష్టి కురిసిందిరా" అని అరిచావే, ఆ పుష్పవృష్టి ఆ తర్వాత కూడా ఆగలేదు. ఊడినచోట గీకాను, రంగు వేశాను. మూడు నెలలకి మళ్ళీ పొక్కులు. మళ్ళీ గీకాను, వేశాను. మూడోసారి ఖరీదైన రంగు తెచ్చి వేస్తే అది ఇంకా దర్జాగా, పాము కుబుసంలా, జానెడు జానెడు పొరలుగా వేలాడింది.

తప్పు ఎవరిదో నాకు మొదట్నించీ తెలుసనుకున్నాను. పై పోర్షన్ ఆయనది. ఆయన బాత్రూం సరిగ్గా మా బాత్రూం మీదే కదా, నీళ్ళు దిగుతున్నాయని తీర్మానించేశాను. రెండుసార్లు మర్యాదగా చెప్పాను. మూడోసారి మెట్ల మీద కలిస్తే ఒక మాట అన్నాను. ఏ మాటో నీక్కూడా రాయలేను, సిగ్గేస్తోంది. పాపం ఆయన రెండు రోజులు ఆ బాత్రూం వాడడమే మానేశాడురా. అయినా మా సీలింగు మీద చెమ్మ అలాగే ఉంది. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు, "లోపల ఇంకిపోయిన నీళ్ళు కదండీ, నిదానంగా దిగుతాయి" అన్నాను, పెద్ద ఇంజనీర్నైనట్టు!

ఆయన గొడవ పెట్టుకోలేదు. ఒక పాలిథీన్ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి, "సీలింగు పొడిగా తుడిచి, ఇది పరిచి నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించండి, రేపు చూడండి" అన్నాడు. చెమ్మ శ్లాబులోంచి వస్తుంటే నీటి బొట్లు పాలిథీనుకి లోపలివైపు, శ్లాబుకీ దానికీ మధ్య పడతాయట. గదిలోని ఆవిరి అయితే బయటివైపు, అంటే మనకి కనబడే వైపు పడతాయట.

మర్నాడు పొద్దున నా స్నానం అయ్యాక తలెత్తి చూశాను. బయట ముత్యాల్లాంటి బొట్లు. లోపల పొడి.

నేనేరా. అరగంట సేపు కాగే నీళ్ళు, కిటికీ మూసేసి, గొంతు విప్పి పాటలు. హాస్టల్లో నన్ను ఆవిరింజను అని ఊరికే అనలేదు నువ్వు. ఆ ఆవిరంతా పైకెళ్ళి చల్లటి శ్లాబుకి తగిలి నీరై, రంగు పొర కిందికి దూరుతోంది. గాలిని బయటికి లాగే ఫ్యాను ఉందిగా అంటావు. ఉంది, తిరుగుతుంది, చప్పుడు కూడా చేస్తుంది. పల్చటి కాగితం ముక్క దాని ముందు పెడితే అతుక్కోవాలి, మాది కింద పడింది. విప్పితే రెక్కల మీద వేలు మందాన దుమ్ము. పైగా తలుపు కింద సందు లేకుండా నేనే రబ్బరు పట్టీ కొట్టించాను, మరి బయటి గాలి లోపలికి రాకపోతే ఆ ఫ్యాను దేన్ని లాగుతుంది?

ఆగు, ఇంకోటుంది. ఆవిరి ఒక్కటే అయితే మరీ అంత పొరలుగా ఊడదు. ఊడినచోట అరచేత్తో రుద్దితే చెయ్యి తెల్లగా అయింది. కింద పాత సున్నం! ఆ పొడి మీద మూడుసార్లు రంగు పూశాను, రంగుకి ముందు పట్టు కోసం వేసే ప్రైమర్ దండగ ఖర్చు అనుకుంటూ. రంగు సున్నాన్ని పట్టుకుంది, సున్నం దేన్నీ పట్టుకోలేదు. బ్లేడుతో ఇంటూ గుర్తు గీసి, టేపు అంటించి లాగి చూశాను. టేపుతో పాటు మూడు పొరల రంగూ వచ్చేసింది.

ఇక మొత్తం గీకడమే. పాత ఇంటి అడుగు పొరల్లో సీసం ఉండొచ్చని, ఉప్పు కాగితంతో పొడిగా రుద్దకుండా నీళ్ళు చిలకరిస్తూ గీకాను, మూతికి మాస్కు, కళ్ళకి నీ దగ్గర కొట్టేసిన ఈత కళ్ళద్దాలు (అవి నా దగ్గరే ఉన్నాయి, ఇక వెతకకు). చేతికి తెలుపు అంటనంతవరకూ తడి స్పాంజితో కడిగాను. ఆ మూడు రోజుల మెడనొప్పి గురించి ఒక పుస్తకం రాయొచ్చు. తర్వాత వారం రోజులు కిటికీ తెరిచి ఆరబెట్టాను, ఇదే కష్టం, చెయ్యి ఊరుకోదు. బాత్రూం కాబట్టి సిమెంటు పుట్టీ, పల్చగా రెండు సార్లు, ఆరాక నునుపు చేసి, దుమ్ము తుడిచి, ఈసారి ప్రైమర్ వేశాను. అవును, వేశాను, నవ్వకు. ఇప్పుడు కిటికీ తెరిచే స్నానం, రబ్బరు పట్టీ పీకేశాను, స్నానమయ్యాక ఇరవై నిమిషాలు ఫ్యాను తిరగాల్సిందే. పాటలు మాత్రం మానను.

పైకెళ్ళి క్షమాపణ చెప్పాను. ఆయన నవ్వేసి, "ఇంజనీరు గారూ, కూర్చోండి" అన్నాడు. తిట్టినా బాగుండేదిరా.

కథ ఇక్కడితో అయిపోతే నీకింత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నాలుగు రోజులుగా హాల్లో, మూల, సీలింగు మీద గోధుమరంగు వలయం ఒకటి కనబడుతోంది. దాని మీద మామూలు రంగు పూసినా మరక పైకి తేలుతుందని తెలుసు, ముందు నీళ్ళు ఆపాలనీ తెలుసు. రాత్రి ఎందుకైనా మంచిదని అక్కడా పాలిథీన్ అంటించాను. పొద్దున చూస్తే బొట్లు లోపలివైపు ఉన్నాయి. సరిగ్గా ఆయన వంటింటి కింద.

ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని పైకి వెళ్ళాలో నువ్వే చెప్పు. ఆ పాలిథీన్ ముక్క పట్టుకెళ్దామా, లేకపోతే అమ్మని పంపి… అయ్యో, నాలుగు గంటలు దాటిపోయింది, రోలరు బకెట్లోనే ఉంది, ఎండిపోతుంది. వెంటనే జవాబు రాయి, నాలాగా చెయ్యకు.

నీ
ఆవిరింజను