వార్షిక నివేదిక 2024–25: చిన్నపిల్లలున్న ఇళ్లలో వ్యాయామం

సభ్యులందరికీ నమస్కారం.

తిరుపతిలోని మన కాలనీ సంక్షేమ సంఘం ఈ ఏడాది చేసిన పనుల్లో కాలువలు, వీధి దీపాలు, వినాయక చవితి జమాఖర్చులు విడి పత్రంలో ఉన్నాయి. ఈ నివేదిక పిల్లల తల్లిదండ్రుల కోసం నడిపిన వ్యాయామ కార్యక్రమానికి మాత్రమే సంబంధించింది. కొత్తగా చేరేవాళ్లు చదివి ఇంట్లోనే మొదలుపెట్టుకునేలా వివరంగా రాస్తున్నాం.

ముందుగా అనుకున్న పద్ధతి పొద్దున అయిదున్నర నుంచి ఆరున్నర దాకా మిద్దె మీద గంటసేపు వ్యాయామం. అది నిలబడలేదు. ఆ గంటలోనే ఇంట్లో టిఫిను, క్యారియర్లు, జడలు, ఉతికిన యూనిఫాం కోసం వెతుకులాట అన్నీ జరుగుతాయి. నాన్నలు మిద్దె ఎక్కారు, అమ్మలు పొయ్యి దగ్గరే ఉండిపోయారు. పైగా గంట పథకంలో ఒక చిక్కుంది. ఆ గంట తప్పితే ఆ రోజు మొత్తం పోయినట్టే. పిల్లకు జ్వరమొచ్చి మూడు రోజులు మానేస్తే నాలుగో రోజు మళ్లీ లేవడం కష్టం. పరీక్షల నెలలో ఇది మరీ ఎక్కువ. తల్లిదండ్రులకు శ్రద్ధ తక్కువై ఇలా జరగలేదు, మేం పెట్టిన వేళే తప్పు.

అందుకే గంటను ముక్కలు చేశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలి. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా చేయాలి. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలనే పాత నిబంధనను ఆ ఏడాదే తీసేశారు. పిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి కబురు లేదు. రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలు, వారానికి అయిదు రోజులు గబగబా నడిస్తే వంద నిమిషాలు. ఆదివారం ఇంకో యాభై నిమిషాలు నడిస్తే 150 పూర్తవుతుంది.

నడక ఆ స్థాయిలో ఉందో లేదో తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, గోవింద నామాలు రాగం తీసి పాడలేకపోవాలి. రెండూ హాయిగా చేయగలుగుతున్నారంటే అది షికారే. అడుగులు లెక్కపెట్టేవాళ్లకు నిమిషానికి సుమారు వంద, అంటే పదిహేను సెకన్లకు పాతిక.

ముక్కలను దేనికి ముడివేశాం

ఖాళీ దొరికినప్పుడు చేద్దామంటే ఆ ఖాళీ రానే రాదు. రోజూ తప్పకుండా జరిగే పని పక్కనే వ్యాయామాన్ని కట్టెయ్యాలి. మా అనుభవంలో గట్టిగా నిలిచిన ముడులు మూడు. స్కూలు బస్సు ఎక్కించాక నేరుగా ఇంటికి రాకుండా వీధి రెండు చుట్లు తిరిగి రావడం మొదటిది. ట్యూషన్ దగ్గరో సంగీతం క్లాసు దగ్గరో బండి మీద కూర్చుని ఫోను చూసే ముప్పావు గంటలో ఇరవై నిమిషాలు నడవడం రెండోది. రాత్రి భోజనమయ్యాక పిల్లలతో కలిసి పది నిమిషాలు నడవడం మూడోది. తిన్న తర్వాత కాస్త నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగడం తగ్గుతుంది, కాబట్టి షుగరు ఉన్న తాతయ్యలు, నాన్నమ్మలు కూడా ఇందులో కలవొచ్చు. కుక్కరు విజిళ్ల మధ్య వ్యాయామం అని కొందరు సూచించారు కానీ, పొయ్యి మీద నూనె, కాళ్ల కింద పసిపిల్ల ఉన్నచోట మేం దాన్ని ప్రోత్సహించలేదు.

ఇంటి పని పంచుకోకుండా అమ్మలకు వేళ దొరకదన్నది ఈ ఏడాది మాకు బాగా తెలిసొచ్చింది. కూరగాయలు రాత్రే తరిగిపెట్టుకోవడం, ఉద్దిపప్పు నానేసే పని, యూనిఫాం ఇస్త్రీ, బ్యాగు సర్దడం ఇంట్లో మగవాళ్లు తీసుకున్న ఇళ్లలో ఇద్దరూ వ్యాయామం చేయగలిగారు. మిగతా ఇళ్లలో ఒక్కరే చేశారు. ఇది ఇంటి విషయమని పక్కన పెట్టేది కాదు, పథకం నిలవాలంటే ఇదే పునాది.

పన్నెండు నిమిషాల వరస

వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం ఒక రోజు విడిచి. కావలసినవి: చక్రాలు లేని గట్టి కుర్చీ, ఖాళీ గోడ, ఒక మెట్టు, చాప.

రెండు నిమిషాలు ఉన్నచోటే కవాతు చేసి భుజాలు తిప్పాలి. ఆ తర్వాత నాలుగు వ్యాయామాలు ఒకదాని వెంట ఒకటి: కుర్చీలో కూర్చుని లేవడం పది, గోడకు చేతులానించి దండీలు పది, మెట్టు ఎక్కి దిగడం కాలికి ఎనిమిది, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపడం పన్నెండు. ఒక నిమిషం ఆగి మళ్లీ ఒక చుట్టు. చివర రెండు నిమిషాలు మెల్లగా నడక.

కుర్చీ వ్యాయామం తేలిగ్గా కనబడుతుంది, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇందులోనే. కుర్చీ వెనుక భాగం గోడకు తగిలి ఉండాలి, లేకపోతే జారుతుంది. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కొద్దిగా బయటికి. మూడు లెక్కపెడుతూ కిందికి దిగాలి, పిరుదులు కుర్చీకి తగలగానే లేవాలి. ధబ్బుమని కూలబడితే తొడ కండరానికి పనే ఉండదు, నడుముకు కుదుపు మాత్రం తగులుతుంది. మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వంగిపోతుంటే తొడల చుట్టూ పాత చున్నీ వదులుగా కట్టి, దాన్ని బయటికి నెడుతున్నట్టు ఉంచితే దారిలోకి వస్తాయి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగుస్తుంది, బీపీ ఉన్నవాళ్లు దీన్ని మరింత గమనించుకోవాలి.

పది సులువయ్యాక పన్నెండు, తర్వాత పదిహేను. అదీ సులువైతే స్కూలు బ్యాగులో లీటరు నీళ్ల సీసాలు రెండు పెట్టి ఛాతీకి హత్తుకుని చేయాలి, రెండు కిలోల బరువవుతుంది. బ్యాగు వీపున వేసుకుంటే కూర్చునేటప్పుడు వెనక్కి లాగేస్తుంది. సీసాలు నిండుగా నింపాలి, సగం నీళ్లుంటే అటూ ఇటూ ఊగి తూకం తప్పుతుంది.

మొదటిసారి చేసిన మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేయడం మామూలే, మూడు రోజుల్లో తగ్గుతుంది. కీలులో పొడిచినట్టు నొప్పి, వాపు మాత్రం మామూలు కాదు. ఆపేసి డాక్టరుకు చూపించుకోవాలి. హవాయి చెప్పులతో గబగబా నడిచేవాళ్లకు ముంగాలు ఎముక వెంబడి నొప్పి వస్తోంది, చెప్పు జారకుండా వేళ్లు అదేపనిగా బిగించి పట్టడం ఇందుకొక కారణం. మడమ పట్టి ఉండే బూట్లు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు.

బాలింతల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఒంటికి హాయిగా ఉన్నంత మేరకు మెల్లగా నడవొచ్చు. గెంతడం, తాడాట, పొట్ట వ్యాయామాలు మాత్రం కాన్పయ్యాక ఆరు వారాలకు చేసే పరీక్షలో డాక్టరు సరేనన్నాకే. సిజేరియన్ అయినవాళ్లకు ఇంకా ఎక్కువ సమయం పట్టొచ్చు. దగ్గినా గెంతినా మూత్రం చుక్క పడడం, కింద బరువుగా దిగుతున్నట్టు ఉండడం, లేచేటప్పుడు పొట్ట మధ్యలో గుట్టలా ఉబకడం కనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. ఇవి చాలామందికి వస్తాయి, సరైన వ్యాయామంతో చాలావరకు నయమవుతాయి. ఏళ్ల తరబడి మౌనంగా భరించాల్సిన అవసరం ఎవరికీ లేదు.

పిల్లలను చూసుకునే వంతులు

రెండేసి ఇళ్లను జత చేశాం. ఒక ఇంటివాళ్లు పాతిక నిమిషాలు పిల్లలను చూస్తారు, ఇంకో ఇంటివాళ్లు నడిచొస్తారు, తర్వాత మారతారు. ఒక పెద్దమనిషికి నలుగురు పిల్లలకు మించకూడదు. మొదలుపెట్టేముందు సంపు మూత, మిద్దె తలుపు గొళ్లెం చూసుకోవాలి. చూసేవాళ్ల చేతిలో ఫోను ఉండకూడదు. అప్పగించేటప్పుడు "పిల్లలు నలుగురూ మీ దగ్గరే ఉన్నారక్కా, మేం బయల్దేరుతున్నాం" అని నోటితో చెప్పి, అవతలివాళ్లు సరేనన్నాకే కదలాలి. ఆమె చూస్తున్నారని ఈయన, ఈయన చూస్తున్నారని ఆమె అనుకునే నిమిషంలోనే ప్రమాదం జరుగుతుంది.

అయిదేళ్లు దాటిన పిల్లలకు సగటున రోజుకు అరవై నిమిషాల శ్రమ కావాలి. ఆదివారాలు ఖోఖో, తొక్కుడుబిళ్ళ, తాడాట పెట్టి పెద్దవాళ్లనూ దించాం. పిల్లలు ఆడుతుంటే గట్టు మీద కూర్చోవడం కంటే ఇది ఎంతో మేలు.

ఎండ, వాన, డ్యూటీలు

మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. నడక పొద్దున ఆరున్నరకల్లా ముగించాం. సాయంత్రం ఏడు దాటాక కూడా మిద్దె పగలంతా తాగిన వేడిని కక్కుతూనే ఉంటుంది, అందుకే పన్నెండు నిమిషాల వరసను కింద పార్కింగులోకి మార్చాం. చెమట ఎక్కువ పోయిన రోజు పల్చటి మజ్జిగలో ఉప్పు కలుపుకుని తాగడం మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానకు మిద్దెకు పాచి పడుతుంది. బ్లీచింగ్ చల్లి రుద్దినా నమ్మకం లేక ఆ మూడు నెలలు లోపలి మెట్లనే వాడాం.

నైట్ డ్యూటీ చేసే నర్సులు, కొండ బస్సుల డ్రైవర్లు, రేణిగుంట ఫ్యాక్టరీలకు షిఫ్టుల్లో వెళ్లేవాళ్లకు పొద్దుటి వేళ పనికిరాదు. డ్యూటీ దిగి రాగానే కష్టమైన వ్యాయామం వద్దు, ముందు నిద్ర. లేచాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు చేసుకోవచ్చు.

మెట్ల దారికి తయారీ

తిరుమల కొండకు నడిచి వెళ్లే దారులు రెండు. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లు, సుమారు రెండు కిలోమీటర్లు. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. తయారు కాకుండా ఎక్కి వారం రోజులు కుంటే పరిస్థితి రాకూడదని ఎనిమిది వారాల పద్ధతి పెట్టాం. అంతస్తుకు ఇరవై మెట్లనుకుంటే మూడంతస్తులు ఒకసారి ఎక్కితే అరవై. మొదటి వారం మూడుసార్లు, ఆపైన వారానికొకటి పెంచుకుంటూ ఎనిమిదో వారానికి పదిసార్లు, అంటే ఆరు వందల మెట్లు. వారానికి మూడు రోజులు చాలు. దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని మెల్లగా దిగాలి. తొడ కండరం సాగుతూ బరువు మోసేది దిగేటప్పుడే, మర్నాటి నొప్పులు ఎక్కువగా దానివల్లే. కొండ నుంచి తిరుగు ప్రయాణం బస్సులోనే పెట్టుకోండి.

2023లో చిరుత దాడుల తర్వాత చిన్నపిల్లలను నడకదారిలో అనుమతించే వేళలపై టీటీడీ ఆంక్షలు పెట్టింది. బయల్దేరే ముందు ఆ వారం వేళలు కనుక్కోండి, పిల్లలను గుంపు మధ్యలోనే నడిపించండి.

ఎక్కేటప్పుడైనా, ఇంట్లోనైనా ఛాతీలో బిగుసుకున్నట్టు ఉండడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, కళ్లు తిరగడం ఉంటే ఆగి 108కి ఫోను చేయాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకోవాలి. గుండె, బీపీ, షుగరు ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందే తమ డాక్టరును అడగాలి.

వచ్చే ఏడాది వంతుల పుస్తకం కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో ఉంటుంది. జత కావాలనుకునే ఇళ్లవాళ్లు అందులో పిల్లల వయసులు, తమకు వీలైన రెండు వేళలు, డ్యూటీ షిఫ్టు రాయండి. ఒంటరిగా పిల్లలను పెంచుతున్నవాళ్ల పేర్లు ముందు చూసి, రెండిళ్లకు బదులు మూడిళ్ల జతలో కలుపుతాం.

— కార్యవర్గం