పోటీ తక్కువ అన్నారు, పదిహేను వేలు తీసుకున్నారు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో ఈమధ్య ఒకలాంటి ప్రకటనలు తరచూ కనబడుతున్నాయి. "ముప్పై రోజుల్లో మీ వ్యాపారం గూగుల్ మొదటి పేజీలో, గ్యారంటీ" అని. అలాంటిదాన్నే ఒకటి చూసి, నమ్మి, ఫోన్ చేసినదాన్ని నేను. నాలాంటివాళ్లు ఇంకొందరు ఫోన్ చేసేలోపు నాలుగు ముక్కలు చెబుదామని రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే కత్తిరించండి, కానీ ఆ ఆఫీసువాళ్లు చూపించే పట్టికలోని ‘కాంపిటీషన్’ గడి సంగతి మాత్రం ఉంచండి.

మాది కడియపులంక. మామగారు మొదలుపెట్టిన నర్సరీ, ఎకరంన్నర. హైవే పక్కన ఉన్నవాళ్ల దగ్గర కార్లూ లారీలూ వాటంతట అవే ఆగుతాయి. మా దగ్గరికి రావాలంటే కాలవ గట్టు పట్టుకుని లోపలికి రావాలి, ఎవరో ఒకరు చెబితే తప్ప రారు. అందుకని వెబ్‌సైటు పెడితే బయటి జిల్లాల వాళ్లకి కనబడతామని నేనే పట్టుబట్టాను. ఇంట్లో ఎవరికీ పెద్దగా ఇష్టం లేదు.

టౌన్లో ఒక ఆఫీసుకి వెళ్తే అక్కడి కుర్రాడు బాగా మర్యాదగా మాట్లాడాడు. కంప్యూటర్లో ఒక పట్టిక తెరిచి, ఇదిగో మేడమ్, ఈ మూడు కీవర్డులకీ, అంటే జనం గూగుల్లో వెతికే మాటలకీ, కాంపిటీషన్ ‘లో’, అంటే తక్కువ, అని ఉంది, వీటిమీద మూడు నెలల్లో మిమ్మల్ని పైకి తెస్తాం అన్నాడు. పదిహేను వేలు కట్టాను. మూడో నెలలో పిలిచి తన ఫోన్లో చూపించాడు, నిజంగానే మా సైటు మొట్టమొదట ఉంది. ఏ మాటకి అంటే, మా నర్సరీ పేరు, పక్కన ఊరి పేరు, దాని పక్కన ‘బెస్ట్ క్వాలిటీ’. మా పేరు తెలిసినవాళ్లు ఎలాగూ ఫోనే చేస్తారు కదా, గూగుల్లో ఎందుకు వెతుకుతారు? ఇంటికొచ్చి మామగారికి చెబితే, ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అమ్మా అని నవ్వి, నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయారు. మొక్కలు అమ్మే మనిషి ఆ సామెత చెబితే ఇంకాస్త గట్టిగా తగులుతుంది.

అప్పుడు పట్టుదల వచ్చి నేనే నేర్చుకోవడం మొదలుపెట్టాను. మొదట తెలిసిందే ఈ ఉత్తరానికి అసలు కారణం. ఆ కుర్రాడు చూపించిన పట్టిక గూగుల్ కీవర్డ్ ప్లానర్. అది గూగుల్లో డబ్బు కట్టి ప్రకటనలు వేసుకునేవాళ్ల కోసం పెట్టిన సాధనం. అందులో కాంపిటీషన్ అనే గడిలో లో, మీడియం, హై అని ఉండేది ఆ మాట మీద ప్రకటన వేయడానికి ఎంతమంది వేలంలో పోటీ పడుతున్నారన్నది. ప్రకటనల కింద మామూలుగా వచ్చే ఫలితాల్లో పైకి రావడం తేలికా కష్టమా అన్నదానికీ దానికీ సంబంధం లేదు. హైవే మీద హోర్డింగు కోసం ఎంతమంది కొట్టుకుంటున్నారో చూసి, లోపల సందులో నర్సరీ పెడితే గిరాకీ ఎలా ఉంటుందో చెప్పినట్టుంది. ప్రకటనలు ఎవరూ వేయని మాటకి కూడా మామూలు ఫలితాల్లో పెద్దపెద్ద సైట్లు పాతుకుపోయి ఉండొచ్చు.

అదే పట్టికలో నెలకి ఎంతమంది వెతుకుతున్నారో కూడా ఉంటుంది, కానీ ప్రకటనలకి ఖర్చు పెట్టని ఖాతాలకి ‘వంద నుంచి వెయ్యి’ లాంటి పెద్ద అంతరాలే చూపిస్తుంది. నూట పది మంది వెతికినా తొమ్మిది వందల మంది వెతికినా అదే గడి.

ఇక డబ్బు కట్టి వాడుకునే సాధనాలున్నాయి, అహ్రెఫ్స్, సెమ్‌రష్, మోజ్ లాంటివి. అవి ఒక్కో మాటకి వందకి ఇంత కష్టం అని మార్కులు వేస్తాయి. వాటి ఉచిత భాగాల్లో నేనూ చూశాను, ఒకే మాట ఒకచోట తేలిక అంది, ఇంకోచోట మధ్యస్థం అంది. తీరా చూస్తే ఎవరి లెక్క వాళ్లది. అహ్రెఫ్స్ అయితే ముఖ్యంగా మొదటి పది స్థానాల్లో ఉన్న పేజీలకి ఎన్ని వేరే సైట్ల నుంచి లింకులు వస్తున్నాయో లెక్కేస్తుంది. ఆ మార్కులు గూగుల్ వేసినవి కావు. తెలుగు మాటలకైతే చాలాసార్లు అసలు వివరమే ఉండదు, ఖాళీ గడో సున్నానో కనబడుతుంది. సున్నా ఉందంటే ఎవరూ వెతకట్లేదని కాదు, వాళ్ల దగ్గర లెక్క లేదని. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, ఈలోపు మంచి మాటలు కొన్ని సున్నా చూసి వదిలేశాను కూడా.

సరే, మరి పోటీ ఎలా చూసుకోవాలి? ఖర్చు లేని పని, కాకపోతే ఓపిక కావాలి. ఒక సాయంత్రం ఆర్డర్ల పుస్తకం వెనక పేజీలో, ఆ నెలలో ఫోన్ చేసినవాళ్లు ఏమేం అడిగారో గుర్తున్నంతవరకు రాశాను. ఒక్కరు కూడా ‘ఆన్‌లైన్ ప్లాంట్స్’ అనలేదండీ. పొట్టి కొబ్బరి మొక్క ఎన్నేళ్లకి కాపుకొస్తుంది అన్నారు. గేటు పక్కన రాయల్ పామ్ వేస్తే గోడకి ఎన్నడుగులు వదలాలి అన్నారు. యాభై మొక్కలకి అనంతపురం దాకా బండి పంపుతారా అన్నారు. కాగితం పూల మొక్కకి ఆకులే తప్ప పూలు రావట్లేదు ఎందుకని అన్నారు. ఇవే నా కీవర్డులు.

ఒక్కో మాటా గూగుల్లో కొట్టాను, ఇన్‌కాగ్నిటోలో, అంటే మన పాత వెతుకులాటలు లెక్కలోకి రాకుండా బ్రౌజర్లో విడిగా తెరుచుకునే కిటికీలో. మామూలుగా వెతికితే మన పాత వెతుకులాటల ప్రభావం పడొచ్చు. అయినా ఊరిని బట్టి ఫలితాలు మారతాయి కాబట్టి హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచుతో కూడా అవే కొట్టించి స్క్రీన్‌షాట్లు తెప్పించుకున్నాను (పాపం, విసుక్కుంటూనే పంపింది). అప్పుడు మొదటి పేజీలో కూర్చున్నవాళ్లు ఎవరు అని చూడాలి. పైన లక్షల్లో కోట్లలో ఇన్ని ఫలితాలు అని ఒక అంకె కనబడితే దాన్ని చూసి బెదరక్కర్లేదు, అది ఉజ్జాయింపు లెక్క, పైగా మన పోటీ ఆ కోటి మందితో కాదు, మొదటి పదిమందితో.

‘ఆన్‌లైన్‌లో మొక్కలు’ అని కొడితే అన్నీ పెద్ద షాపింగ్ సైట్లే. వాటి జోలికి వెళ్లడం దండగ. ‘కడియం నర్సరీ’ అంటే మ్యాపు, దానికింద యూట్యూబ్ వీడియోలు, ఆ తర్వాత మా ఊరివాళ్లే బోలెడుమంది. కొత్తగా పెట్టిన సైటు అక్కడికి రావడానికి టైం పడుతుంది. పొట్టి కొబ్బరి కాపు సంగతి తెలుగులో కొడితే మాత్రం కథ వేరు. రెండు వీడియోలు, ఎప్పుడో రాసిన ఒక వార్త, కొబ్బరి గురించి మొత్తం చెప్పే పేజీలు ఉన్నాయి తప్ప, ఆ ఒక్క ప్రశ్నకీ సూటిగా జవాబు చెప్పే పేజీ ఒక్కటీ కనబడలేదు. ఎక్కువ పేజీల శీర్షికలో కూడా ఆ మాట లేదు. వెతికే మాటలో ముఖ్యమైన పదానికి ముందు ఇన్‌టైటిల్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒకదానిమీద ఒకటి రెండు చుక్కలు (కోలన్) పెడితే, ఆ పదం శీర్షికలో ఉన్న పేజీలే వస్తాయి, అలా చూసుకున్నాను. పోటీ లేకపోవడం అంటే ఇదీ. అడిగేవాడు ఉన్నాడు, చెప్పేవాడు లేడు.

ఆ మాట వెతికేవాడికి కావలసింది ఏమిటో కూడా చూసుకోవాలి. కాగితం పూలు అని మాత్రమే కొట్టేవాడు బొమ్మలు చూడ్డానికి కొట్టి ఉండొచ్చు, అక్కడ మొదట ఉన్నా మాకు ఒక్క మొక్కా అమ్ముడుపోదు.

స్పెల్లింగు గొడవ ఇంకొకటి. ఆత్రేయపురంలో నా స్నేహితురాలు వాళ్లు పూతరేకులు చేస్తారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చేది) వచ్చాక ఆవిడా ఒక సైటు పెట్టించుకుంది, ఆవిడకీ ఇంకోచోట ఇదే ‘లో కాంపిటీషన్’ పాట పాడారు. మన జనం పూతరేకుల్ని ఇంగ్లీషు అక్షరాల్లో పి తర్వాత రెండు ఓలు పెట్టి కొడతారు, యు పెట్టి కొడతారు, టి దగ్గర హెచ్ ఉంచుతారు, తీసేస్తారు, ఇంకొందరు నేరుగా తెలుగులోనే కొడతారు. ఒక్కో రూపానికీ వచ్చే మొదటి పేజీ కొద్దిగా వేరు. ఏ రూపం ఎక్కువ వాడుకలో ఉందో గూగుల్ ట్రెండ్స్‌లో పక్కపక్కన పెట్టి చూడొచ్చు, రాష్ట్రం ఎంచుకుని కూడా చూడొచ్చు. అందులో కనబడే సున్నా నుంచి వంద వరకు అంకెలు మనుషుల లెక్క కాదు, ఎక్కువ వెతికిన సమయాన్ని వంద అనుకుని మిగతావాటిని దాంతో పోల్చిన లెక్క. మాకు దీనివల్ల ఇంకో ఉపయోగం కనబడింది, మొక్కల కోసం వెతకడం తొలకరికి పెరుగుతుంది. అంటే మొక్కల గురించి మనం రాసే పేజీ వేసవి రాకముందే పెట్టి ఉండాలి, వాన పడ్డాక మొదలుపెడితే లాభం లేదు.

మ్యాపు సంగతి వేరే లెక్క. ‘దగ్గర్లో నర్సరీ’ అని వెతికినప్పుడు పైన వచ్చే మ్యాపులో దూరం కూడా చూస్తారు. వైజాగులో కూర్చుని దగ్గర్లో అని కొట్టినవాడికి కడియం రాదు, ఎన్ని వేలు పోసినా రాదు. అందులో పేరు పెట్టుకోవడం మాత్రం ఉచితం, ఆ పని వెంటనే చేసుకోవాలి.

నేను తెలుగులో నాలుగు పేజీలు రాశాను. గంగాబొండంలాంటి పొట్టి రకాలు మూడు నాలుగేళ్లకే కాపు పట్టడం, పొడుగు రకాలకి ఆరేడేళ్లు ఆగాల్సి రావడం, ఇవి మామగారు చెబుతుంటే రాసుకున్నాను. తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్ పెట్టుకున్నాను, అదీ ఉచితమే. మన సైటు ఏ మాటకి ఎన్నిసార్లు కనబడింది, సగటున ఎన్నో స్థానంలో, ఎన్నిసార్లు నొక్కారు అన్నీ చెబుతుంది. అందులో చూస్తే నేను రాయని ఒక మాటకి, కొబ్బరి మొక్కకి గుంట ఎంత లోతు తియ్యాలి అన్నదానికి, మేము పద్నాలుగో స్థానంలో ఉన్నాం! అంటే రెండో పేజీ. మా కొబ్బరి పేజీలోనే గుంట సంగతి ఒక పేరా కలిపాను, కొన్ని వారాలకి మొదటి పేజీకి వచ్చింది. మొన్న తొలకరికి నంద్యాల వైపు నుంచి రెండొందల మొక్కల ఆర్డరు వచ్చింది, ఆ పేజీ చదివే ఫోన్ చేశామన్నారు. కుప్పలుగా ఏమీ రాలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

ఆ పదిహేను వేల బిల్లులో ‘మెటా కీవర్డ్స్ సెట్టింగ్’ అని ఒక లైను ఉంది. అంటే చదివేవాళ్లకి కనబడకుండా పేజీ కోడ్‌లో ఒక ట్యాగు పెట్టి కీవర్డులు రాయడం. వెబ్ ర్యాంకులకి ఆ ట్యాగును తాము చూడమని గూగుల్ 2009లోనే చెప్పింది. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని కూడా గూగుల్ తన సైట్లోనే రాసి పెట్టింది.

ఎడిటర్ గారూ, ప్రకటనలు వేయొద్దని నేననను, పత్రిక కూడా నడవాలి. అయితే మీ జిల్లా పేజీలో ఎప్పుడైనా ఒక అరపేజీ ఈ విషయానికి ఇవ్వండి. అంబాజీపేట కొబ్బరివాళ్లు, నరసాపురం లేసు అల్లేవాళ్లు, తాపేశ్వరం కాజావాళ్లు, అందరూ ఇప్పుడు సైట్లు పెట్టించుకుంటున్నారు. డబ్బు కట్టేముందు ఆఫీసువాళ్లని రెండే ప్రశ్నలు అడగమనండి. ఏ మాట మీద తెస్తారు, ఆ మాట ఇప్పుడు కొడితే మొదటి పేజీలో ఎవరున్నారు? వాళ్ల ఫోన్లో కాదు, మన ఫోన్లో కొట్టి చూడాలి.

నా ఆర్డర్ల పుస్తకం వెనక పేజీ ఫొటో తీసి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. ఎవరికైనా పనికొస్తుందనుకుంటే వేసుకోండి, అంచున ఉన్న ఫోన్ నంబర్లు మాత్రం కొట్టేయండి, అవి మా కస్టమర్లవి.

ఇట్లు,
ఒక నర్సరీ కోడలు,
కడియపులంక, తూర్పు గోదావరి జిల్లా