ఆ ఖాళీని అలాగే ఉండనివ్వండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఏడో తరగతి పిల్లలు పాత మ్యాపులతో, సముద్రయాత్రల కథలతో కొలాజ్‌లు చేస్తున్నారు. కత్తిరించిన కాగితం ముక్కలు మీ ఇంట్లో ఈపాటికి కనిపిస్తూ ఉంటాయి. ఊడ్చేసే ముందు పిల్లల్ని ఒక్కమాట అడగండి. వాటిలో వాళ్లు దాచుకున్న సముద్రమో, తీరమో ఉండవచ్చు.

కొలాజ్ అనే మాట ఫ్రెంచ్ భాషలో 'అతికించడం' నుంచి వచ్చింది. 1912లో చిత్రకారులు పికాసో, బ్రాక్ తమ చిత్రాల్లో కాగితాలు, ఇతర వస్తువులు అతికించినప్పటి నుంచి దీన్ని ఒక కళగా చూడటం మొదలైంది. అయితే మ్యాపులు గీసేవాళ్లు ఈ పని అంతకంటే చాలా ముందు నుంచే చేస్తున్నారని సోషల్ టీచర్ క్లాసులో చూపించారు. ఒట్టోమన్ (తుర్కీ) సామ్రాజ్యపు నావికుడు పీరీ రీస్ 1513లో తోలు మీద ఒక ప్రపంచ పటం గీశాడు. సుమారు ఇరవై పాత పటాలను చూసి, వాటిని కలిపి దీన్ని తయారుచేశానని ఆ పటం మీదే రాసుకున్నాడు. 1929లో ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ రాజభవనంలో అది దొరికింది. దొరికింది కూడా ఒక ముక్కే. అది విన్నాక పిల్లలకు కత్తెర పట్టుకోవడానికి ధైర్యం వచ్చింది. ఎవరో ఒకరు కూర్చుని ప్రపంచాన్ని మొత్తం ఒక్కసారిగా గీసేయలేదని వాళ్లకు అర్థమైంది.

నేను మీతో ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఖాళీ జాగాల గురించి. తెలియని చోటును ఖాళీగా వదలడం పాత మ్యాపులు గీసినవాళ్లకు చాలా కష్టమనిపించింది. 1539లో ఓలాస్ మాగ్నస్ వేసిన పటంలో ఉత్తర సముద్రాల నిండా వింత జంతువులు ఉంటాయి. 1570లో మ్యాపులు గీసే ఓర్టీలియస్ తెచ్చిన అట్లాస్‌లో ప్రపంచ పటం అడుగున ఒక పెద్ద దక్షిణ ఖండం పరచుకుని ఉంటుంది. దాన్ని ఎవరూ చూడలేదు, కానీ ఉండే ఉంటుందని నమ్మి గీశారు. ఆ ఊహ తప్పని తేల్చడానికి బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ 1772 నుంచి 1775 వరకు దక్షిణ సముద్రాల్లో తిరగవలసి వచ్చింది. కాలిఫోర్నియానైతే పదిహేడో శతాబ్దపు పటాలు చాలావాటిలో ద్వీపంగానే చూపించారు. ఒకసారి అచ్చయిన తప్పును ఒకరిని చూసి మరొకరు గీస్తూ పోయారు.

మా క్లాసులో ఒక అమ్మాయి తన షీటులో పావు వంతు తెల్లగా వదిలేసింది. పని పూర్తి కాలేదేమో అనుకుని అడిగాను. "అక్కడికి ఇంకా ఎవరూ వెళ్లలేదు మేడమ్" అంది. పక్కన కూర్చున్న పిల్లాడు వెంటనే, "అక్కడ ఉండేవాళ్లకి తెలుసు కదా!" అన్నాడు. ఆ రోజు మిగతా పీరియడ్ అంతా దాని మీదే మాట్లాడుకున్నాం. 1769లో, అంతకుముందు యాత్రలో, కుక్ ఓడ ఎక్కిన నావికుడు తుపాయా పసిఫిక్‌లోని రాయాటియా ద్వీపంవాడు. డెబ్బైకి పైగా ద్వీపాలతో ఒక పటం తయారుచేయించాడు. మార్షల్ దీవుల నావికులు పుల్లలను కట్టి సముద్రపు అలలు ఎటు నుంచి ఎటు వంగుతాయో చూపించేవారు. ద్వీపాలున్న చోట గవ్వలు కట్టేవారు. దాన్ని ఒడ్డునే నేర్చుకుని, మనసులో పెట్టుకుని బయలుదేరేవారు. మరుసటి రోజు ఆ అమ్మాయి తన ఖాళీలో పెన్సిలుతో సన్నగా 'ఇక్కడివాళ్లకు తెలుసు' అని రాసింది. 'కనిపెట్టారు' అనే మాటను ఎంత తేలిగ్గా వాడేస్తామో నాకూ అప్పుడు తట్టింది.

అందుకే మీకు నా మనవి: పిల్లల షీటులో ఖాళీ కనిపిస్తే దాన్ని నింపమని ఒత్తిడి చేయకండి. ఖండాల సైజులు తప్పాయని దిద్దకండి కూడా. గోడకు వేలాడే మెర్కేటర్ పటంలో (గుండ్రటి భూమిని చదునుగా పరచి చూపే ఒక పద్ధతి అది) గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దది. పిల్లలు ఎందుకలా వేశారో అడగండి, వాళ్లు చెప్పేది వినండి. కాగితం పాతగా కనిపించాలని అంచులు కాల్చే అలవాటు ఒకటి ఉంది. ప్రమాదం కాబట్టి దయచేసి అది వద్దు. చేత్తో చింపితే వచ్చే గరుకు అంచు తీరరేఖకు ఇంకా బాగుంటుంది.

ఇంట్లో చేస్తున్నప్పుడు ముక్కలన్నీ జిగురు లేకుండా పరచి, ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోమనండి. ఆ తర్వాతే అతికించాలి. బ్రష్‌తో జిగురు పల్చగా రాసి, మధ్య నుంచి అంచుల వైపు నొక్కితే గాలి బుడగలు రావు. రాత్రికి బరువైన పుస్తకాల కింద పెడితే షీటు వంకర పోదు.

మీ దగ్గర చిరిగిన అట్లాస్ పేజీలు, పాత క్యాలెండర్లు, వాడేసిన టికెట్లు, స్టాంపులున్న కవర్లు ఉంటే పంపించండి. పెద్దవాళ్లు దాచుకున్న ఉత్తరాలు, పాత పటాలు అసలువి పంపకండి. జిరాక్స్ చాలు, కత్తెర పడితే తిరిగి రావు. వచ్చే సోమవారంలోగా కవరులో పెట్టి, పైన పిల్లల పేరు రాసి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. కొలాజ్‌లను నెలాఖరు శుక్రవారం మధ్యాహ్నం వరండాలో వరుసగా పెడతాం. వచ్చి చూడండి. ప్రతి షీటు దగ్గర దాన్ని చేసిన పిల్లలే నిలబడి చెబుతారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు